మొక్కు లేని ఒక్కపొద్దు

మా స్కూల్లో పంతొమ్మిదేళ్లు మధ్యాహ్న భోజనం వండిన దేవకమ్మను పోయిన అక్టోబరులో తీసేశారు. కారణం కాగితం మీద రాసి ఉంది. "క్రీడా స్ఫూర్తికి భంగం కలిగించినందున" అట. ఆ కాగితం కింద పద్నాలుగు మంది టీచర్ల సంతకాలున్నాయి. క్రీడా స్ఫూర్తి అంటే ఏమిటని అడిగితే ఆ పద్నాలుగు మందిలో ఒక్కరికీ నోరు పెగలదు. దేవకమ్మ చేసిన నేరం ఏమిటో నేను చెప్తాను. ఆకలితో ఉన్న పిల్లకు అన్నం పెట్టింది.

నా పేరు నవీన. ఆ స్కూల్లోనే సైన్సు చెప్తాను. వడమాలపేట దాటి లోపలికి పోతే వచ్చే ఊరు మాది. స్కూలు పేరు రాయను. రాస్తే మా స్కూలు ఒక్కటే చెడ్డదని అందరూ అనుకుంటారు, తమ ఊళ్లో స్కూలు వైపు చూసుకోరు. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అంటారు. ఉండాల్సిన రోజున లేకుండా పోయిన కోపం అది, అందుకే ఇప్పుడు ఎక్కువగా ఉంది.

దేవకమ్మకు యాభై మూడేళ్లు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆమె పిలిస్తే గ్రౌండు అవతల చివర ఉన్న పిలకాయలు కూడా ప్లేట్లు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. పిల్లలందరికీ ఆమె "అవ్వ". ఆమె వడ్డించేటప్పుడు ప్లేటు చూడదు, ముఖం చూస్తుంది. "ప్లేటు అందరిదీ ఒకటే గదా టీచరమ్మా, కడుపులే యేరే యేరే" అంటుంది. ముఖం చూసి ఒకడికి గరిటె నిండా, ఇంకొకడికి గరిటెన్నర పెడుతుంది. ఎప్పుడూ తప్పు పోలేదు. భోజనాలయ్యాక మిగిలింది కుడితి బక్కెట్లో పోసి వాళ్ల బర్రెకు తీసుకుపోతుంది. ఆ బక్కెట్టు బరువే ఆమెకు పరీక్ష. చేతికి ఎక్కువ బరువు తగిలిందంటే మరుసటి రోజు సాంబారు మారుతుంది, లేకుంటే ఎవరికి జ్వరమో అడిగి తెలుసుకుంటుంది. మేము పిల్లల హాజరు నోటితో పిలిచి తీసుకుంటాం. ఆమె కుడితి బక్కెట్టుతో తీసుకుంటుంది. ఆమె లెక్కే నిజానికి దగ్గర.

ఆమె పుట్టిల్లు చంద్రగిరి అవతల. చిన్నప్పుడు వరి కోసేసిన మడిలో అన్నలతో కలిసి చెడుగుడు ఆడేదట. మా స్కూల్లో ఆడపిల్లలు కబడ్డీ ఆడుతుంటే వంటగది గడప మీద కూర్చుని ఎవరు ఎప్పుడు గీత తాకాలో అరిచి చెప్పేది. "నాకు పన్నెండేండ్లకే ఆట ఆపేసినారు. పెద్దమనిషయినావు, ఇంగ గెంతులేందని మా పెద్దన్న కాళ్లిరగ్గొడ్తాననె. ఆట మానుకున్న్యాగానీ కాళ్లు ఊరుకుంటాయా? నిద్దర్లో తన్నేదాన్ని" అని నవ్వేది. నవ్వేటప్పుడు కూడా ఆ అన్న మీద కోపం పోలేదు, నలభై ఏళ్లయినా.

అందుకే ఎనిమిదో తరగతి రూపశ్రీ అంటే ఆమెకు ప్రాణం. ఆ పిల్ల కూతకు వెళ్లిందంటే అవతలి జట్టులో ఇద్దరినైనా తాకకుండా రాదు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ మోకాళ్ల మీద దెబ్బలతో ఉంటుంది. ముందటేడు రూపశ్రీ పెద్దమనిషయ్యింది. వాళ్ల నాయనమ్మ ఆట మాన్పించాలని పట్టుబడితే దేవకమ్మ వాళ్ల ఇంటికి పోయి గంటసేపు కూర్చుని, ఆ ముసలమ్మ చేత "సరే, ఆడుకోనీ" అనిపించి గాని లేవలేదు. మన వైపు పిల్ల పెద్దమనిషయితే ఏం చేస్తారో తెలుసు కదా. మినప్పిండితో బెల్లం వేసి కెలికే ఉద్దికళి, నువ్వులుండలు, నాటుకోడి గుడ్లు, నువ్వుల నూనె. నడుము గట్టిపడాలని పెట్టిందే పెడతారు. రూపశ్రీ తల్లి భారతమ్మ ఏ లోటూ చేయలేదు. పిల్ల ఒక అంగుళం పెరిగింది, ఒళ్లు చేసింది. దాన్ని పెరగడం అంటారు. పదమూడేళ్ల పిల్ల చేయాల్సిన పని అదే.

మా పీఈటీ ధర్మేంద్ర దానికి వేరే పేరు పెట్టాడు. "ఓవర్ వెయిట్" అన్నాడు.

దసరా సెలవులై స్కూలు తెరిచేసరికి తిరుపతిలో కబడ్డీ పోటీలు పది రోజుల్లోకి వచ్చాయి. ఎవరో పెద్దమనిషి వాళ్ల నాయన పేరు మీద పెట్టిన కప్పు. పద్నాలుగేళ్ల లోపు ఆడపిల్లల జట్టులో ఎవరూ నలభై ఎనిమిది కిలోలు దాటకూడదని నిబంధన. బలమైన పిల్లలు బలహీనమైన పిల్లల మీద పడకుండా పెట్టుకున్న నిబంధన అది. పిల్లల్ని కాపాడడానికి కట్టిన కంచె. కంచే చేను మేయడం అంటే ఏమిటో నాకు ఆ పది రోజుల్లో తెలిసింది. రూపశ్రీని మిషను ఎక్కిస్తే యాభై కిలోల ఎనిమిది వందల గ్రాములు వచ్చింది.

ధర్మేంద్ర రాక్షసుడైతే నాకు సులువుగా ఉండేది. కాదు. సొంత జేబులోంచి పిల్లలకు బూట్లు కొంటాడు. వయసులో బాగా ఆడేవాడట, రాష్ట్రం జట్టు గడప దాకా పోయి వెనక్కి వచ్చాడట. ఆ గడప ఎవరి వీపు మీద ఎక్కయినా దాటాలని ఇప్పటికీ తపన. ఆ వీపు పదమూడేళ్ల పిల్లదైనా ఆయనకు అభ్యంతరం లేదు. ఏడుగురు పిల్లల్నీ పిలిచి, పొద్దున ఒక చపాతీ, రాత్రి అర చపాతీ అన్నాడు. మధ్యాహ్నం ఏమీ వద్దన్నాడు. నీళ్లు గొంతు తడుపుకోవడానికే అన్నాడు. యూరియా మూట లోపల వచ్చే ప్లాస్టిక్ కవరుకు తలకీ చేతులకీ బొక్కలు కోసి, యూనిఫారం లోపల తొడిగించి, మిట్టమధ్యాహ్నం గ్రౌండు చుట్టూ పరిగెత్తించాడు. మన ఎండలు మీకు తెలుసు. అక్టోబరైనా ఇక్కడ ఎండ సెలవు తీసుకోదు.

ఇదంతా వంటగది ముందే జరుగుతుంటే దేవకమ్మ కంట పడలేదా అని మీరు అడుగుతారు. పడింది. కానీ అది పెరటాసి, కొండ మీది స్వామికి మొక్కే తమిళ నెల. తిరుపతి, చిత్తూరు వైపు ఈ నెలంతా ఎన్నో ఇళ్లలో గుడ్డు, మాంసం ముట్టరు. శనివారాలు ఒక్కపొద్దు ఉండి, అన్నాలు, పిండివంటలు ఆకులో పరిచి స్వామికి తళిగ వేసి, ఆ ప్రసాదంతోనే పొద్దు విడుస్తారు. బడిలో సగం మంది పిల్లలు గుడ్డు వద్దంటారు. కుడితి బక్కెట్టు ఎట్లాగూ బరువుగానే ఉంటుంది. అయినా ఏడుగురు పిల్లలు వరుసగా అన్నమే వద్దంటుంటే దేవకమ్మకు అనుమానం వచ్చి అడిగింది. ధర్మేంద్ర తడుముకోకుండా చెప్పాడు. "కప్పు గెలవాలని స్వామికి మొక్కుకున్నారమ్మా. నెల దాటేదాకా ఒక్కపొద్దు. నువ్వు బలవంతం చేయొద్దు, మొక్కు చెడిపోతాది."

దేవకమ్మ నమ్మింది. నమ్మడమే కాదు, మురిసిపోయింది. ఈ కాలం పిల్లలకు ఇంత భక్తా అని మా అందరికీ చెప్పింది. ఆ ఏడుగురి వైపు అన్నం వాసన పోకుండా బేసిన్ల మీద మూతలు పెట్టింది. సోమవారం మధ్యాహ్నం రూపశ్రీ వంటగది కిటికీ దగ్గరికొచ్చి, ఎవరూ చూడకుండా, "అవ్వా, రోంత గంజి ఉంటే పొయ్యవా" అని అడిగితే, దేవకమ్మ ఆ పిల్ల బుగ్గలు నిమిరి వెనక్కి పంపింది. "వద్దు తల్లీ. ఇన్ని దినాలు ఓర్చుకున్న్యావు. ఇంగ రోంత ఓర్చుకో. స్వామి సూస్తాంటాడు."

పంతొమ్మిదేళ్లలో ఆమె ఒక బిడ్డను ఆకలితో వెనక్కి పంపింది ఆ ఒక్కసారే. చేసింది భక్తితో. ఈ ఒక్క సంగతికైనా ధర్మేంద్రను నేను జన్మలో క్షమించను.

బుధవారం భోజనాలయ్యాక దేవకమ్మ బక్కెట్టు తీసుకుని చేతులు కడిగే కుళాయిల వెనక్కి పోయింది. అక్కడ రూపశ్రీ గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరో ప్లేటులో వదిలేసిన గుడ్డు నోట్లో కుక్కుకుంటూ ఉంది.

"ఏమ్మే! పెరటాసిలో గుడ్డా? మొక్కులో ఉండి, అదీ ఎంగిలి గుడ్డు తింటావా?"

గుడ్డు నోట్లోనే ఉంది. మింగాలో ఉమ్మాలో ఆ పిల్లకు తెలియలేదు. బుగ్గ ఉబ్బించుకునే అడిగింది. "ఏం మొక్కవ్వా?"

"కప్పు గెలవాలని స్వామి మొక్కు. ఏడు మందీ ఒక్కపొద్దంట గదా. మీ సారే చెప్పినాడు."

"మొక్కేం లేదవ్వా. బరువు తగ్గాలన్నాడు సార్. నలబై ఎనిమిది దాటితే ఆడనీరంట. నీగ్గూడా తెలుసనుకున్న్యా. గంజి అడిగితే నువ్వే గదా పొమ్మన్న్యావు?"

దేవకమ్మ అక్కడే, గిన్నెలు తోమే రాయి మీద, కూలబడింది. "ముందు అది మింగు" అన్నది. "మింగినాక మాట్లాడు." పిల్ల మింగింది. తర్వాత యూనిఫారం గల్లా పక్కకు జరిపి చూపించింది. మెడ చుట్టూ, చంకల కింద ప్లాస్టిక్ ఒరుసుకుని చర్మం ఎర్రగా లేచిపోయి ఉంది. పెదాలు పగిలి ఉన్నాయి. తెల్లవారి నుంచి ఒంటికి కూడా పోలేదని చెప్పింది. పోవడానికి ఒంట్లో నీళ్లుంటే కదా.

పీఈటీ గదిలో ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నేను కళ్లారా చూశాను. మా ల్యాబుకు ఆ గదికి మధ్య గోడ సగమే ఉంది.

"స్వామి పేరు పెట్టి అబద్దం చెప్తావా సార్? కొండ కనబడే ఊర్లో కూర్చోని?" అన్నది దేవకమ్మ.

ధర్మేంద్ర కుర్చీలోంచి లేవలేదు. "అట్లయితేనే నువ్వు ఊరికే ఉంటావని చెప్పినా. ఇంగ నాలుగు దినాలు. ఏమన్నా చచ్చిపోతారా? నేను ఆడేటప్పుడు మూడు దినాలు గుక్క నీళ్లు తాగలేదు. నాకేమయింది?"

"అదే అడగతాండా. ఏమయినావు సార్ నువ్వు?"

ఆయన ముఖం మాడిపోయింది. అడగకూడని ప్రశ్న అది. అడగాల్సిన ప్రశ్న కూడా అదే. హెడ్మాస్టరు దొరస్వామి గారు మధ్యలోకి వచ్చి తీర్పు చెప్పారు. ఆయన తీర్పులు ఎప్పుడూ ఎవరికీ తగలకుండా గోడకు తగులుతాయి. "దేవకమ్మా, వంట నీది, ఆట ఆయనిది. ఎవరి పని వాళ్లు చేసుకుంటే బడికి మంచిది."

"అన్నం నా పనే గదా సార్? ఆయప్ప నా పనిలోకి వచ్చినాడు. నేను ఆయన పనిలోకి పోలా."

హెడ్మాస్టరు కళ్లజోడు తుడుచుకున్నారు.

అక్కడి నుంచి దేవకమ్మ నేరుగా నా దగ్గరికి వచ్చింది. ల్యాబులో నా బల్ల మీద ఎనిమిదో తరగతి పుస్తకం తెరిచే ఉంది. "టీచరమ్మా, నీ పుస్తకంలో పిలకాయలు తినాలనే గదా ఉండాది?" అని అడిగింది. అదే ఉంది. పప్పు, కూరలు, గుడ్డు, పాలు ఎవరికి ఎంత అని పట్టిక వేసి మరీ ఉంది. ఆ ముందు రోజే రూపశ్రీని లేపి ఆ పేజీ చదవమన్నాను. నాలుగు వరుసలు చదివి బెంచీ పట్టుకుంది. కళ్లు తిరుగుతున్నాయా అంటే లేదంది. కూర్చోమన్నాను. అంతే. స్టాఫ్ రూములో ధర్మేంద్ర గ్రాముల లెక్క నవ్వుతూ చెప్తుంటే నేనూ టీ తాగుతూ విన్నదాన్నే. నాకు తెలుసు. తెలిసీ దేవకమ్మతో ఏమన్నానంటే, "పోటీ అయిపోనీ దేవకమ్మా, నేను మాట్లాడతాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకునే వాళ్లని చూసి నవ్వుతాం. నేను చేతులు కాలుతుండగా ఆకులు తర్వాత తెస్తానన్న రకం. ఆమె నా బల్ల మీది పుస్తకం మూసేసి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి సాయంత్రం దేవకమ్మ రూపశ్రీ వాళ్ల ఇంటికి పోయింది. తండ్రి మునిరత్నానికి రెండెకరాల మామిడి తోట. చెడ్డవాడు కాదు, కూతురంటే అపురూపమే. "నాకు మాత్రం కడుపు మండదా అమ్మా? జిల్లా టీములోకి పోయిందంటే స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తాదన్నాడు సార్. ఇంగ మూడు దినాలు. దాని బతుకు బాగుపడేదుంటే మనం అడ్డం పడేదెందుకు?" అన్నాడు. లోపల మంచం మీద రూపశ్రీ కడుపు చుట్టూ తల్లి చీర ముక్క బిగించి కట్టుకుని పడుకుని ఉంది. ఆకలి తెలియకుండా ఉంటుందని ఎవరు నేర్పారో. ఏడాది కిందట ఆ మంచం మీదే కూర్చోబెట్టి ఉద్దికళి ముద్దలు చేసి నోట్లో పెట్టిన తల్లి, ఇప్పుడు అర చపాతీ లెక్కపెట్టి ఇస్తోంది. ఆ ఇంట్లో ఆ పిల్లను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. దాని కడుపు, దాని కాళ్లు, దాని ఆట. అందరూ మాట్లాడుకుంటున్నారు, అది తప్ప.

దేవకమ్మ బయటికి వస్తుంటే భారతమ్మ చెంబు పట్టుకుని చెట్లకు నీళ్లు పోసే వంకతో గేటు దాకా వచ్చింది. మొగుడికి వినబడకుండా రెండు మాటలు చెప్పింది. "ఆదివారం పొద్దున ఏడున్నరకంట తూకం. తిరపతిలో, కాలేజీ గ్రౌండులో." చెప్పి వెనక్కి తిరిగి చూడకుండా పోయింది.

ఆడపిల్లల జట్టుతో ఒక టీచరమ్మ ఉండాలి కాబట్టి ఆదివారం నన్ను పంపారు. వ్యాను బయల్దేరే ముందు స్కూలు మిషను మీద రూపశ్రీ నలభై ఏడు కిలోల తొమ్మిది వందలు తూగింది. ధర్మేంద్ర చప్పట్లు కొట్టాడు. పది రోజుల్లో దాదాపు మూడు కిలోలు. ఆ మూడు కిలోలు ఎక్కడి నుంచి పోయాయో సైన్సు టీచర్ని నాకు తెలుసు. చెంపల నుంచి, కళ్ల కింది నుంచి, ఎముకల మీది నుంచి పోయాయి.

కాలేజీ గ్రౌండులో బల్ల వేసి, పక్కన డిజిటల్ మిషను పెట్టారు. పది జట్ల పిల్లలు వరుసలో ఉన్నారు. కొందరు ప్లాస్టిక్ సీసాల్లోకి ఉమ్ముతూ ఉన్నారు. ఉమ్మి బయటికి పోతే నాలుగు గ్రాములు తగ్గుతాయని ఎవరి సారో చెప్పాడట. ఒక పిల్ల వంద గ్రాములు ఎక్కువ తూగితే, వాళ్ల కోచ్ కొండ వైపు చూపించి, "పోయి గుండు కొట్టించుకో పో, జడ బరువు తగ్గుతాది" అన్నాడు. చుట్టూ ఉన్న పెద్దలంతా నవ్వారు. ఆ పిల్ల నిజంగానే జడ చేత్తో పట్టుకుని చూసుకుంది. అక్కడ కనీసం పాతిక మంది పెద్దవాళ్లం ఉన్నాం. అందరం చదువుకున్నవాళ్లమే.

మా వంతుకు ముందు ఇంకో జట్టు ఉందనగా దేవకమ్మ వచ్చింది. పొద్దున మొదటి బస్సుకు వచ్చినట్టుంది, చీర నలిగి ఉంది. చేతిలో స్టీలు క్యారియరు, చంకలో నీళ్ల సీసా. అంతకు ముందు రోజు పెరటాసి కడపటి శనివారం. ఇంట్లో తళిగ వేసి, స్వామికి పెట్టిన పులిహోర తెచ్చింది. వరుసలో నిలబడ్డ రూపశ్రీ ముందు నేల మీద కూర్చుని మూత తీసింది. చింతపండు, ఇంగువ వాసన గ్రౌండంతా వచ్చింది. వరుసలో ఉన్న పిల్లల తలలన్నీ అటు తిరిగాయి.

"తల్లీ, ఆపొద్దు నిన్ను ఎనక్కి పంపినా. తప్పు నాది. స్వామి దగ్గర కూడా ఒప్పుకున్న్యా. ఇప్పుడు అడగతాండా. ఆకలవతాందా?"

రూపశ్రీ తల ఊపింది.

"తింటావా? నేను సెప్పినానని వద్దు, మీ సార్ సెప్పినాడని వద్దు. తింటే తూకంలో పోతావు, ఆడనీరు. అది కూడా తెలుసుకో. నీ నోటితో సెప్పు."

ధర్మేంద్ర పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ముట్టుకున్న్యావంటే చూడు రూపశ్రీ! పదేండ్ల కష్టమిది!" ఎవరి పదేళ్లో ఆయన చెప్పలేదు. పదేళ్ల కిందట ఆ పిల్లకు మూడేళ్లు. రూపశ్రీ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. నేను ఆ చూపు తట్టుకోలేక మిషను వైపు చూశాను. తర్వాత ఆ పిల్ల, ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, చాలా మామూలుగా, "తింటా" అంది.

తింది. ఆబగా తినలేదు, మెల్లగా, మెతుకు మెతుకు నమిలి తింది. మధ్యలో సీసా ఎత్తి సగం తాగింది. ఎవరూ ఆపలేదు. అంతమంది ముందు పిల్ల నోటి దగ్గర కూడు లాగే ధైర్యం ధర్మేంద్రకు కూడా లేకపోయింది. చాటుగా లాగడం వేరు. తిన్నాక చేతులు కడుక్కుని, తనంతట తానే పోయి మిషను ఎక్కింది. నలభై ఎనిమిది కిలోల ఆరు వందలు. బల్ల దగ్గరి మనిషి తల అడ్డంగా ఊపి పేరు కొట్టేశాడు.

ఆరుగురితోనే దిగిన మా జట్టు మొదటి ఆటలోనే ఓడిపోయింది. రూపశ్రీ మెట్ల మీద దేవకమ్మ పక్కన కూర్చుని చూసింది. ఆట సగంలో ఉండగా ఏడుపు మొదలుపెట్టి, దేవకమ్మ చెయ్యి విదిలించేసింది. "ఎందుకు తెచ్చినావవ్వా? నేను ఆడాల. నాకు తినాలనీ ఉండాది, ఆడాలనీ ఉండాది. రొండూ కావాల నాకు." దేవకమ్మ కూడా కళ్లు తుడుచుకుంది. "రొండూ కావాల్సిందే తల్లీ. రొండూ నీవే. ఒకటి నా చేతిలో ఉండాది, పెట్టినా. రొండోది ఆ సార్ల చేతుల్లో ఉండాది. నేనేం చేసేది?"

పిల్లల హక్కుల మీద నేను రెండు శిక్షణలకు పోయి వచ్చాను. ఫైలు, పెన్ను, బ్యాగు ఇచ్చారు. ఆ మెట్ల మీద విన్నంత మాట అక్కడ ఎవరూ చెప్పలేదు.

సోమవారం ధర్మేంద్ర ఊళ్లో పెద్దల్ని కూడగట్టుకుని వచ్చాడు. ఊరి పరువు పోయిందన్నారు. ఓడిపోయినందుకు పోయిన పరువు, పిల్ల ఎంగిలి గుడ్డు తిన్నందుకు పోలేదు. మునిరత్నం కూడా దేవకమ్మ మీద కాగితం రాసి ఇచ్చాడు. హెడ్మాస్టరు కళ్లజోడు తుడుచుకుని, వంటకు వేరే వాళ్లను పెడతామన్నారు. ఆమెను తీసేసే కాగితం టీచర్ల దగ్గరికి ఒక్కొక్కరికీ వచ్చింది. మొదట్లో చెప్పాను కదా, పద్నాలుగు సంతకాలని. పద్నాలుగోది నాది. పెన్ను నాదే. ఆ శిక్షణలో ఇచ్చిందే.

దేవకమ్మ తన గరిటెలు రెండు, కుడితి బక్కెట్టు తీసుకుని పోయింది. పోతూ కొత్త వంటామెకు ఎవరికి ఎంత పెట్టాలో చెప్పి పోయింది. ఆరో తరగతిలో ఫలానా వాడు అడగడు, మొఖం చూసి పెట్టాలని చెప్పింది.

డిసెంబరులో ఇంకో పోటీ వచ్చింది. ధర్మేంద్ర మళ్లీ మిషను బయటికి తెచ్చి, భోజనాల బెల్లు కొట్టగానే జట్టును పిలిచాడు. పిల్లలు తినకముందు తూచాలని ఆ టైము పెట్టుకున్నాడు. ఆరుగురు వచ్చి నిలబడ్డారు. రూపశ్రీ రాలేదు. కాసేపటికి వంటగది వైపు నుంచి వచ్చింది. చేతిలో ప్లేటు, నిండా సాంబారన్నం, పక్కన గుడ్డు. తింటూనే వచ్చి, తింటూనే మిషను ఎక్కింది.

"ప్లేటు పక్కన పెట్టు!" అని అరిచాడు ధర్మేంద్ర.

"పెట్టను సార్. ప్లేటుతోనే తూకం ఎయ్యండి. ఇంత బరువుతోనే ఆడతా. దీనికి యాడ టీముంటే ఆడనే ఆడతా."

గుడ్డు కొరికింది. గ్రౌండులో ఉన్న పిల్లలంతా నవ్వారు. ధర్మేంద్ర చెయ్యి ఎత్తాడు. వరుసలో ఉన్న ఇంకో పిల్ల గబగబా వంటగది వైపు నడిచింది, దాని వెనక ఇంకొకతె. నేను ల్యాబు గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఈసారి నా కాళ్లు కదిలాయి. పోయి ఆయన ఎత్తిన చెయ్యికీ పిల్లకూ మధ్య నిలబడ్డాను. "దించండి సార్" అన్నాను. దించాడు. రూపశ్రీ తినడం అయ్యేదాకా ఆగి, దిగాక మిషను ఎత్తుకుపోయి ల్యాబు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఏమిటిది మేడం అంటే, కొలతల పాఠానికి కావాలన్నాను. తాళం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ రాత్రి నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని, ఎందుకో, జరిగిందంతా నాలుగు పేజీలు రాసి జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు, పిల్లల సంక్షేమ కమిటీకి పంపాను. జవాబు రాలేదు. నెలకొకసారి మళ్లీ పంపుతున్నాను.

ఆ ఆదివారం దేవకమ్మ ఇంటికి పోయాను. క్షమించమని అడగడానికే పోయాను. మిషను సంగతి మాత్రం చెప్పాను. ఆమె బర్రెకు కుడితి పోస్తూ అంతా విన్నది. ధర్మేంద్ర ఏమన్నాడని అడగలేదు, నేను అడ్డం నిలబడ్డానని చెప్తే మెచ్చుకోలేదు.

"గుడ్డు మొత్తం తినిందా, సగం ఇడ్సిపెట్టిందా?" అని అడిగింది.

"మొత్తం తినింది."

"ఇంగోటి అడిగిందా?"

అడగలేదన్నాను. దేవకమ్మ బక్కెట్టు కింద పెట్టి నన్ను కోపంగా చూసింది.

"అది అడగదు టీచరమ్మా. మొఖం సూసి పెట్టాల. ఆ కొత్తామెకు సెప్పు, రేపే సెప్పు."

మరుసటి రోజు బడికి పోగానే ముందు వంటగదికే పోయి చెప్పాను.